నిగనిగకి స్లయిడర్ ఏదీ?

మాది పెద్దతిప్పసముద్రం. మా అత్త మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేస్తుంది. నేను బెంగళూరులో త్రీడీ బొమ్మలు చేసి బతుకుతున్నా. ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టాలని అత్త నేసిన చీరనే కంప్యూటర్లో చేసి, పండక్కి ఊరెళ్లినప్పుడు చూపించా.

"పట్టు ఇట్లుంటాదా అబ్బోడా? రెక్జిన్ మాదిరుండాదే!" అంది.

తప్పంతా నాదే అనుకున్నా. ఇప్పుడు అనుకోవడం లేదు.

వెలుగు ఒక వస్తువు మీద ఏ కోణంలో పడితే ఏ కోణంలో ఎంత తిరిగొస్తుందో చెప్పే లెక్కని బీఆర్‌డీఎఫ్ అంటారు. ఆ లెక్కతో కుస్తీ పట్టలేని ఆర్టిస్టుల కోసం డిస్నీలో బ్రెంట్ బర్లీ 2012లో ఒక మోడల్ బయటపెట్టాడు. ఒక రంగు, పది స్లయిడర్లు. ఎంత గరుకు, ఎంత లోహం, అన్నీ సున్నా నుంచి ఒకటి దాకా. 2017లో అది ఉచితంగా దొరికే బ్లెండర్లోకీ వచ్చింది. నా అన్నం అదే పెడుతోంది. నా కోపం దాని మీద కాదు, "ఆర్టిస్టుకి కావలసిందంతా వచ్చేసింది, ఇంకేం కావాలి?" అనే మనవాళ్ల మీద.

ఏ ఆర్టిస్టుకి? బర్లీ తన మోడల్‌ని ముఖ్యంగా పోల్చి చూసుకున్నది అమెరికాలోని మెర్ల్ ల్యాబ్ 2003 నాటికి కొలిచి ఇచ్చిన 100 పదార్థాలతో. ఆ కొలతల్లో ప్రతిదీ ఎటు తిప్పినా ఒకేలా మెరిసే సరుకే. అత్త చీరలో పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఇటు నుంచి చూస్తే ఒక రంగు తేలుతుంది, అటు నుంచి చూస్తే ఇంకోటి. స్లయిడర్ల పైన రంగుకున్న గడి మాత్రం ఒక్కటే. "రెండు మెటీరియళ్లు కలిపితే సరి" అంటారు. కలిపాను, మూడు రాత్రులు పట్టింది. మళ్లీ ఇంజనీరు పనే చేయాల్సొస్తే ఇక ఆర్టిస్టుకి సులువైందేమిటి?

మనకి మెరుపుకి మాటలు కరువా? తోమిన చెంబు తళతళ, వంకాయ నిగనిగ, నగ ధగధగ. ఒకదాని మాట ఇంకోదానికి పెడితే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇదంతా కవిత్వం అని కొట్టిపారేయకండి. 2016లో ఆనా సెరానో బృందం జనం చేత పదార్థాల బొమ్మలకి మార్కులు వేయించి, 'మెత్తన', 'ప్లాస్టిక్ లాంటిది' వంటి మాటలనే స్లయిడర్లుగా మార్చి చూపించింది. అంటే మాట నుంచి లెక్కకి దారి ఉంది. తెలుగులో ఆ దారి మనమే వేసుకోవాలి.

పద్యంలో నిగనిగ కనిపిస్తే మురిసిపోయే మనం, నేతగాళ్ల ముందు వంద బట్టల బొమ్మలు పెట్టి ఏది పట్టు, ఏది కాదు అని ఎప్పుడైనా అడిగామా? ఆన్‌లైన్లో కొనేవాళ్లు చీరని ముట్టుకోరు, బొమ్మనే చూస్తారు. బొమ్మ రెక్జిన్లా ఉంటే అత్త మగ్గానికి కట్టేదీ రెక్జిన్ ధరే.