మన ఓటు లెక్క మన చేతిలో ఉండాలి

ఎన్నికలైన ప్రతిసారీ పత్రికలోళ్ళు ఒకే పాట పాడతారు. దళితులు ఫలానా పార్టీని వదిలేశారు, ఫలానా పార్టీ పంచన చేరారు అని. మనమేదో ఒక దొడ్లో కట్టేసిన గొడ్లమైనట్టు, పలుపు తెంపుకుని పక్క దొడ్లోకి పోయినట్టు! అగ్రకులం ఆసామి ఓటు మారిస్తే ఆలోచించి మార్చాడంటారు. మన ఓటు మారితే సారా అంటారు, నోటు అంటారు, పథకం అంటారు. ఈ మాట మీదే మాకు తగువు. 2029లో లోక్‌సభ ఎన్నికలు రావాలి. కండువాలు వాడల్లోకి దిగకముందే ఈ సంగతి మనలో మనం తేల్చుకుందాం.

ముందు ఆంధ్ర సంగతి చూడండి. అక్కడ ఎస్సీలకు రిజర్వు చేసిన అసెంబ్లీ సీట్లు 29. 2019లో వాటిలో 27 వైఎస్సార్ కాంగ్రెస్ గెల్చుకుంది. 2024లో దానికి మిగిలినవి రెండంటే రెండు, బద్వేలు, యర్రగొండపాలెం. ఈ అంకె చూసినోడు ఏమనుకుంటాడు? వాడలన్నీ మూకుమ్మడిగా తిరగబడ్డాయనే గదా. కానీ ఓట్లు చూస్తే కథ వేరు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీ ఓటు 50 శాతం నుంచి 39 శాతానికి దిగింది. అంటే పోలైన పది ఓట్లలో ఇంచుమించు ఒకటి జారింది. 2019లో ఓడిన తెలుగుదేశానికి వచ్చిందీ 39 శాతమే. అప్పుడు విడిగా పోటీచేసిన జనసేన, బీజేపీ 2024లో దాంతో కలిశాయి, చీలిన ఓటు ఒక్క కుప్పలో పడింది. సీట్లు కుప్పకూలాయి. ఇందులో మన వాడ ఎంత కదిలిందో సీట్లను చూసి ఎవడూ చెప్పలేడు.

ఎందుకంటే, రిజర్వుడు సీటని పేరే గాని అక్కడా ఓటర్లలో ఎక్కువమంది మనోళ్ళు కారు. నిలబడేది మనోడు, నిలబెట్టేది పెత్తందారు, గెలిపించేది ఊరు. 1932లో పూనా ఒప్పందంతో అంబేడ్కర్ సాధించిన ప్రత్యేక నియోజకవర్గాలు పోయిన నాటినుంచీ ఇదే తంతు. 27 మంది ఒక జెండా కింద గెలిచినా, మరో జెండా కింద గెలిచినా, వాళ్ళు చూసేది టికెట్టిచ్చినాయన గుమ్మం వంకే. వాళ్ళని తిట్టి లాభం లేదు. కొందర్ని తిట్టాల్సిందే, అది వేరే సంగతి.

తెలంగాణలో ఇంకో విచిత్రం. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో బీఆర్ఎస్‌కి 37 శాతం ఓట్లు, 39 సీట్లు. ఏడాది తిరక్కుండానే 2024 లోక్‌సభ ఎన్నికల్లో 17 శాతం లోపు, సీట్లు సున్నా. కాంగ్రెస్ ఉన్నచోటే ఉంది, 39 నుంచి 40. బీజేపీ 14 నుంచి 35కి ఎగబాకింది. హైదరాబాదుకొక ఓటు, ఢిల్లీకొక ఓటు అని జనం విడదీసి చూశారు. ఇందులో వాడ ఎంత, ఊరెంత అన్నది మళ్ళీ ఎవరూ చెప్పరు, దళితులు అటు పోయారు ఇటు పోయారు అని తీర్పు మాత్రం చెప్తారు. పైసలిస్తే ఓటు పడుద్దని మురిసేవాళ్ళు హుజూరాబాద్ గుర్తు తెచ్చుకోవాలి. 2021లో ఉప ఎన్నిక ముందర అక్కడ కుటుంబానికి 10 లక్షల దళితబంధు మొదలుపెట్టారు. పెట్టిన పార్టీయే ఓడింది.

ఓటు మారడం తప్పు కాదంటాం మేము. మారకపోవడం వల్లే ఎక్కువ చెడ్డాం. తాతల కాలం నుంచి చెయ్యి గుర్తుని అంటిపెట్టుకుని ఏం బావుకున్నాం? 1983లో రెండు రూపాయల బియ్యం మాట విని కొందరం సైకిలెక్కాం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు, తెలుగుదేశం ప్రభుత్వం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు, కాంగ్రెస్ ప్రభుత్వం. పోనీ మన ఏనుగే మనకని అనుకున్నాం. 2014లో తెలంగాణలో ఆ గుర్తు మీద ఇద్దరు గెలిచి, ఇద్దరూ పోయి అధికార పార్టీలో కూర్చున్నారు.

మారిన ఓటుకి బదులుగా ఏం అడిగామన్నదే అసలు ప్రశ్న. అడగాలంటే ముందు మన దగ్గర లెక్క ఉండాలి. ఫారం 20 అని ఒక కాయితం ఉంది. ఏ బూతులో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, ఎన్నికల అధికారులే బయటపెడతారు. పెద్దమనుషుల అరుగుల మీద దాన్ని వేలు పెట్టి చదువుతారు, ఫలానా వాడ మనకు వెయ్యలేదు అని గుర్తు పెట్టుకుంటారు. మన సంఘం ఇంట్లో ఆ కాయితం ఉండదు. కార్యకర్తలూ, చదువుకున్న పిల్లలూ ఈ పని చెయ్యాలి: మీ బూతు 2019 లెక్కా, 2024 లెక్కా పక్కపక్కన రాయండి. బూతు నెంబరు మారితే ఊరిపేరు చూసి పట్టుకోండి. అసెంబ్లీకి ఎటేశాం, పార్లమెంటుకి ఎటేశాం విడివిడిగా చూడండి. మాలపల్లె, మాదిగగూడెం ఒక్కచోట కూర్చునే చదవండి. వర్గీకరణ మీద తగాదా ఉంటే ఉండనివ్వండి, బూతు లెక్కకి అది అడ్డం కాదు.

ఆ కాయితం ముందు పెట్టుకుని ఎంపీకి నిలబడేవాణ్ణి అడగండి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది, ఆ డబ్బులో మా వాడకెంత వచ్చింది? శ్మశానానికి జాగా ఎక్కడ? పట్టా ఇచ్చిన భూమిలో పంటెవడు కోసుకుంటున్నాడు? జవాబు కాయితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే ఆ మాట కూడా తారీఖు వేసి రాసి సంఘం ఇంట్లో దాచండి.