రికార్డింగు గదిలో కులం

‘సంగీతం చదువుకుంటాను’ అని ఇంటర్మీడియెట్ పూర్తిచేసిన పిల్లవాడు అన్నప్పుడు ఆ మాట అన్ని ఇళ్లలో ఒకేలా వినిపించదు. ఒక ఇంట్లో అది అభిరుచి. మహా అయితే కాస్త ఖర్చుతో కూడిన మొండిపట్టు. మరో ఇంట్లో అదే మాటకు తండ్రి గుండె గుభేలుమంటుంది. శవం ముందు డప్పు కొట్టే పని తనతోనే ఆగిపోవాలని, కొడుకు చేతిలో సిర్ర, చిటికెన పుల్ల కాక కలం ఉండాలని కూలి డబ్బుతో చదివించిన తండ్రి ఆయన. సంగీతం, సంగీత వ్యాపారం, సౌండ్ రికార్డింగు కలిపి డిగ్రీగా చదవాలన్న కోరికతో నా దగ్గరికి వచ్చే విద్యార్థుల సంఖ్య ఈ మధ్య పెరిగింది. వారిలో మాదిగ, చిందు, డక్కలి, నాయీ బ్రాహ్మణ, దూదేకుల కుటుంబాల పిల్లలూ ఉన్నారు. వారి తండ్రుల భయాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఆ భయానికి చరిత్ర ఉంది. ఊరికి డప్పు ఎన్నడూ కచేరీ వాద్యం కాదు, అది వెట్టి. చాటింపైనా, జాతరైనా, చావైనా పిలుపు రాగానే పరుగెత్తవలసిందే; ప్రతిఫలం గుప్పెడు గింజలో, కాస్త కల్లో, కొన్ని తిట్లో. 1928లో బొంబాయి శాసన మండలిలో అంబేడ్కర్ మహర్ వతన్‌పై బిల్లు ప్రవేశపెట్టింది పుట్టుకతో మెడకు చుట్టుకునే ఇలాంటి ఊడిగం నుంచి తన వారిని విడిపించడానికే. తమిళనాట పరై కొట్టబోమని నిరాకరించిన వాడలున్నాయి. మన దగ్గరా డప్పును అటకెక్కించిన వాడలున్నాయి. అదే డప్పును 1994లో మొదలైన దండోరా ఉద్యమం ఆత్మగౌరవ చిహ్నంగా భుజానికెత్తుకుంది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. ఎవరి ఆజ్ఞ మీద, ఏ షరతు మీద కొడుతున్నామన్నదే ఆ నిరాకరణలోనూ ఈ స్వీకారంలోనూ అసలు విషయం. మరి కులం చెప్పినందుకు కాక తాను ఎంచుకున్నందుకు, నిర్ణీత పారితోషికానికి, ఒప్పంద పత్రం చదివి సంతకం పెట్టి వాయించే స్థితిని విశ్వవిద్యాలయం కల్పించగలదా?

ఈ చదువు ప్రపంచానికి కొత్తది కాదు. జర్మనీలోని డెట్‌మోల్డ్‌లో 1949లోనే ‘టోన్‌మైస్టర్’ శిక్షణ మొదలైంది. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయం 1970లో ఆ పేరుతోనే డిగ్రీ ప్రారంభించింది. భౌతికశాస్త్రం తెలిసిన సంగీతజ్ఞుడిని, సంగీతం తెలిసిన ఇంజనీరును ఒకే మనిషిలో తయారుచేయడం వారి ఉద్దేశం. మన దేశంలో పుణె, కోల్‌కతాల్లోని కేంద్ర ప్రభుత్వ సినిమా విద్యాసంస్థలు ధ్వని ముద్రణ నేర్పుతాయి. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పుణె విద్యార్థి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వస్తే సంగీతం ఒక భవనంలో, ఎలక్ట్రానిక్స్ మరో భవనంలో, కామర్సు ఇంకో భవనంలో ఉంటాయి. మూడింటినీ కలిపే దారి లేక పిల్లలు నగరాల్లోని ప్రైవేటు డిప్లొమాల వైపు చూస్తున్నారు. గుర్తింపు లేని డిప్లొమాలకు ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించదు. అక్కడితో చాలామంది కథ ముగుస్తుంది.

గుర్తింపు ఉన్న సంగీత విద్య సంగతేమిటి? విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యులై, ఆ తర్వాత అధ్యక్షులూ అయ్యారు కనుక ఆ కళాశాల ఒక్క కులం సొత్తు అనడం చరిత్రకు అన్యాయం చేయడమే. అయినా ఒక విషయం ఆలోచించాలి. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన బాలుడు ఘంటసాల, ఇంటింటా మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్న వైనం మనందరికీ తెలుసు. పట్రాయని సీతారామశాస్త్రి వంటి గురువు చేరదీయకపోతే మనకు ఆ గొంతు దక్కేది కాదేమో. ఆ కష్టం నిజం, ఆ పట్టుదల గొప్పది. కానీ అదే రోజుల్లో అంతే శ్రుతిజ్ఞానం ఉన్న ఒక మాల, మాదిగ బాలుడు అదే వీధుల్లో జోలె పట్టుకుని ఏ గుమ్మం ముందు నిలబడగలిగేవాడు? పేదరికం ఇద్దరిదీ ఒకటే కావచ్చు. భిక్ష అడిగే అర్హత మాత్రం ఒకరికే ఉంది. ప్రతిభ గురించి మాట్లాడేవారు ఈ అర్హతను లెక్కలోకి తీసుకోరు.

ఇవాళ జోలె స్థానంలో ప్రవేశ పరీక్ష ఉంది. కులం పేరుతో ఎవరినీ ఆపరు. రిజర్వేషన్ రోస్టరు గోడ మీదే ఉంటుంది. అభ్యర్థి వర్ణం పాడాలి, కృతి పాడాలి, రాగలక్షణం చెప్పాలి. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమా చదివిన పిల్లలకు అది సహజమే. పదేళ్ల వయసు నుంచి తాతతో పాటు చిందు మేళంలో తాళం తప్పకుండా రాత్రంతా పాడిన అమ్మాయి సంగతేమిటి? రాత్రంతా నిలిచే ఆ కథనంలో ఉన్న లయజ్ఞానాన్ని పరీక్షించే ప్రశ్న ఆ కాగితంలో లేదు. ఆమెకు సంగీతం ‘రాదు’ అని తేలుతుంది. రిజర్వుడు సీటుకు ‘అర్హులు దొరకలేదు’ అని రాసుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఉండదు.

శాస్త్రీయం అన్న మాటనే తీసుకుందాం. మృదంగం, తబలా చర్మం మీద పూసే నల్లని ముద్ద వల్ల వాటి ఉపస్వరాలు తంత్రీవాద్యాల్లా క్రమబద్ధమవుతాయని సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో చూపారు. 1934లో మరింత వివరంగా రాశారు. గొప్ప పరిశోధన, సందేహం లేదు. అయితే ఆ ముద్ద ఎంత పొరగా, ఎక్కడ, ఎన్నిసార్లు రాయాలో తరతరాలుగా తెలిసినవారు తోలు పని చేసే మనుషులు. ఆవు, గేదె, మేక తోళ్ల తేడాలను వేళ్ల చివరలతో చదివిన ఆ కుటుంబాల కథను టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకంగా తెచ్చేదాకా మన సంగీత లోకం వారి పేర్లు అడగలేదు. మృదంగం వాయించిన చేయి విద్వాంసుడిది, దాని ధర్మాన్ని సమీకరణంగా రాసిన చేయి శాస్త్రవేత్తది, తయారుచేసిన చేయి మాత్రం కూలివాడిది. ధ్వనిశాస్త్రం పాఠ్యపుస్తకంలో ఆ మూడో చేతికి ఒక అధ్యాయం పెట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

రికార్డింగు గదిలోకి వెళితే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. డప్పు తోలు తేమ పీల్చి వదులవుతుంది, శ్రుతి దిగుతుంది. అందుకే వాయించే ముందు గడ్డి మంట మీద కాచి బిగువు తెస్తారు. స్టూడియో చల్లగా ఉంటుంది, అక్కడ మంట పెట్టనివ్వరు. మొదటి టేకులో మోగిన డప్పు అయిదో టేకుకు మందగిస్తుంది. ఆ వాద్యం తెలియని ఇంజనీరు ‘ఈ పరికరానికి నిలకడ లేదు’ అని తీర్మానించి కంప్యూటర్లో ఉన్న నమూనా శబ్దాలతో పని ముగిస్తాడు. నిజానికి ఆ మొదటి దెబ్బ తీవ్రత గాత్రానికి అమర్చిన మైకుకు అందదు. మైకు దూరం మార్చాలి, స్థాయి తగ్గించాలి, డప్పు కాచుకోవడానికి బయట చోటు, విరామం ఇవ్వాలి. పియానోకు శ్రుతి చేసేవాడి కోసం ఆగే గది డప్పు కాచుకునేవాడి కోసం ఎందుకు ఆగదు? సాంకేతిక విద్యలో కులం ఏముంటుందని అడిగే ఇంజనీరింగు మిత్రులకు నేను చెప్పేది ఇదే: ఏ ధ్వనిని ప్రమాణంగా పెట్టుకుని గదిని కట్టారో చూడండి.

అన్నిటికంటే అత్యవసరమైనది మూడో భాగం, సంగీత వ్యాపారం. ‘వ్యాపారం’ అనగానే మన సాహిత్య మిత్రులు ముఖం చిట్లిస్తారు. చిట్లించే స్థోమత వారికి ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు పాట చివర తన పేరు తానే పలికింది. జర్మనీలో రికార్డులు అచ్చొత్తేవారు చీటీ సరిగా అంటించడానికి ఆ పలుకు పనికొచ్చింది. నేటి భాషలో చెప్పాలంటే అదే తొలి మెటాడేటా. పరువుగల ఇళ్లవారు గ్రామఫోనుకు గొంతివ్వడానికి జంకిన రోజుల్లో దానికి పాడినవారు చాలావరకు వేశ్యలని లోకం పేరుపెట్టిన స్త్రీలే. వారు పేరు చెప్పుకున్నారు కనుక మిగిలారు. ఇప్పుడు ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాంకెల కోడు ఉంటుంది. దాని వెంట రచయిత, స్వరకర్త, గాయకుడు, నిర్మాత అనే గడులు ఉంటాయి. జానపదం పాడినప్పుడు రచయిత గడిలో ‘సంప్రదాయం’ అని రాస్తారు. అంటే ఎవరూ కాదు.

చట్టం ఏమంటోంది? 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగు చేయించినవాడు దాని యజమాని. హక్కు 60 ఏళ్లు. జానపదాన్ని ఒక సమూహపు సొత్తుగా గుర్తించే నిబంధన అందులో లేదు. కాస్త మార్చి రాసినవారికి ఆ మార్పు మీద హక్కు రావచ్చు. మార్చకుండా కాపాడిన ముసలమ్మకు రాదు. 2021లో ‘సారంగదరియా’ చుట్టూ నడిచిన చర్చకు మూలం వ్యక్తుల తగాదా కంటే ఈ ఖాళీయే. మరోవైపు, 1994 సవరణ ప్రదర్శకులకు హక్కు ఇచ్చింది. ప్రదర్శకుడు ఎవరన్న నిర్వచనంలో గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితో పాటు గారడీ చేసేవాడు, పామును ఆడించేవాడు కూడా ఉన్నారు. మన సంచార జాతుల జాబితా చదువుతున్నట్టే ఉంటుంది! 2012 సవరణ ఆ హక్కుకు బలం చేర్చింది. వాణిజ్య వినియోగంలో ప్రదర్శకుడికి రాయల్టీ ఉంది, పేరు పెట్టించుకునే హక్కూ ఉంది. పాట రచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాను వదులుకునేలా చేసే ఒప్పందాలు చెల్లవని కూడా అదే సవరణ చెప్పింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ వంటివారు గట్టిగా నిలబడితే వచ్చిన సవరణ అది. పాట రాసేవారికి పార్లమెంటులో ఒక గొంతు దొరికింది. పాములవాడికి చట్టంలో చోటు దొరికింది కానీ ఆ సంగతి చెప్పేవాడే దొరకలేదు.

పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఏడాది ‘భీమ్లా నాయక్’ పాట ఆయన గొంతుతో తెలుగువారి ఫోన్లన్నిటిలో మోగింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో నిర్మాణ కూలీగా పనిచేస్తున్న దృశ్యాలు వార్తలయ్యాయి. ఆ ఒక్క పాటకు ఎంత ముట్టిందన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. బిరుదుకూ బతుకుకూ మధ్య ఉండవలసిన పనిముట్లు ఆ కుటుంబాల చేతిలో లేవన్నదే నా బాధ. ఒప్పందంలో ఏ వాక్యం ప్రమాదకరమో చెప్పగల మనవరాలు, రాయల్టీ సంఘంలో సభ్యత్వ దరఖాస్తు నింపగల మేనల్లుడు, ‘సంప్రదాయం’ అన్న గడిలో ఊరి పేరు, మేళం పేరు, పాడినవారి పేరు రాయించగల విద్యార్థి ఆ వాడల నుంచే రావాలి. ప్రభుత్వం ఇచ్చే నగదు బహుమతి ఒకసారికే. హక్కు ఏటా వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. కళను సంస్థలోకి తెచ్చినంత మాత్రాన కళాకారులు లోపలికి రారు. సదిర్ భరతనాట్యమై గౌరవం పొందిన కాలంలోనే దాన్ని కాపాడిన స్త్రీలు వేదిక దిగిపోయారు. మన కళావంతులదీ అదే గతి. 1947 మద్రాసు దేవదాసీ చట్టం ఒక దోపిడీని ఆపింది, నిజమే. ఆ స్త్రీల నైపుణ్యానికి ప్రత్యామ్నాయ ఉపాధి మాత్రం ఎవరూ చూపలేదు. రేపు డప్పుకు, కిన్నెరకు, జమిడికకు సిలబస్ వచ్చాక అధ్యాపక ఉద్యోగానికి పీహెచ్‌డీ అడిగితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. వాడలోని గురువు ‘వనరు’ అవుతాడు, ఆయన మీద పరిశోధన చేసినవాడు ఆచార్యుడవుతాడు. ఈ రెండో వర్గంలో నేనూ ఉన్నాను కనుక మొహమాటం లేకుండానే రాస్తున్నాను.

దీనికి దారి లేకపోలేదు. డిగ్రీలతో పని లేకుండా వృత్తి నిపుణులను ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా నియమించుకోవచ్చని, వారి సంఖ్య మంజూరైన పోస్టుల్లో పది శాతం మించరాదని యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. 2023లో స్థానిక కళాకారులను విద్యాసంస్థల్లో నియమించుకోవడానికి వేరే మార్గదర్శకాలూ వచ్చాయి. కార్పొరేట్ అధికారిని పిలవడానికి పనికొచ్చే ఆ తలుపు బైండ్ల కళాకారుడికీ తెరుచుకోవాలి. గౌరవ భృతితో ఆరు నెలలు పిలిచి ఫొటో దిగి పంపించే పద్ధతి వద్దు. పాఠ్య ప్రణాళికా సంఘంలో ఓటు, పరీక్ష పెట్టే అధికారం ఉండాలి.

విదేశాలకు వెళ్లాలనుకునే పిల్లలకు మరో గోడ ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ జాతీయ విదేశీ ఉపకారవేతనం ఎస్సీలకు, విముక్త, సంచార జాతులకు, భూమిలేని కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి ఉద్దేశించినది. 2022 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలను ఆ పథకం నుంచి తొలగించారు. అవన్నీ ఇక్కడే చదువుకోవచ్చునట! అంటే చిందు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఆ డబ్బుతో లండన్‌లో లౌడ్‌స్పీకర్ గురించి పరిశోధించవచ్చు, తన నాయనమ్మ పాట గురించి పరిశోధించకూడదు. అదే పాట మీద విదేశీ విశ్వవిద్యాలయపు నిధులతో విదేశీయుడు వచ్చి పనిచేయడానికి మాత్రం ఈ నిబంధన అడ్డురాదు.

ప్రవేశ ప్రకటనల్లో సంగీత కోర్సుల అర్హత వాక్యాన్ని విద్యార్థి సంఘాలు ఒకసారి చదవాలి. ‘కర్ణాటక సంగీతంలో ప్రవేశం’ అని ఉన్నచోట ‘ఏదైనా ఒక సంగీత సంప్రదాయంలో గాత్ర లేదా వాద్య ప్రావీణ్యం’ అని మార్చమని, ఆ ప్రావీణ్యాన్ని నిర్ణయించే సంఘంలో ఆ సంప్రదాయపు కళాకారుడు ఒకరు ఉండాలని, ధ్వని ముద్రణ పరికరాల గదిని సాయంత్రాలు సొంత ల్యాప్‌టాప్ లేని విద్యార్థులకు ముందుగా కేటాయించాలని అడగాలి. ఇందుకు కొత్త శాసనం అక్కర లేదు. అకడమిక్ కౌన్సిల్ సమావేశంలో ఒక తీర్మానం చాలు. ఆ సమావేశపు ఎజెండా బయటికి రాకముందే వినతిపత్రం లోపలికి వెళ్లాలి.