అడవి బిడ్డకు రెస్ట్ అక్కర్లేదా?



పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంది, ఓపిక చేసుకొని చదవండి. ముఖ్యంగా సైక్లింగ్, రన్నింగ్ చేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, వాళ్ళ అన్నలు, అక్కలు చదవాలె.

మన పిల్లలు ఆటల్లో కొంచెం పైకొస్తే చాలు, ఒక మాట వినపడుతది. "అడవి బిడ్డలు కదా, పుట్టుకతోనే స్టామినా ఉంటది." స్టేజీ మీద పెద్దమనుషులు అంటరు, మనం చప్పట్లు కొడతం. నేను మాత్రం దీన్ని పొగడ్త అని ఒప్పుకోను. మన పిల్లల తిండికి, రెస్టుకు, రక్త పరీక్షకు ఎగనామం పెట్టే మాట ఇది. పుట్టుకతోనే వచ్చినదానికి ఇంక ఎవరు మాత్రం పైసలు ఖర్చు పెడతరు?

సైక్లింగ్ సంగతే చూద్దాం. యూరప్‌లో పెద్ద రేసులు తొక్కేటోళ్ళకు అక్టోబర్‌తో సీజన్ అయిపోతది. తర్వాత చాలామంది రెండు నుంచి నాలుగు వారాలు సైకిల్ పక్కన పెడతరు. మంచిగ తింటరు, నిద్రపోతరు, కొంచెం బరువు పెరుగుతరు. వాళ్ళను ఎవరూ సోమరిపోతులు అనరు. ఎందుకంటే ట్రైనింగ్‌లో కండరం అలిసి దెబ్బతింటది, అది మళ్ళీ గట్టిపడేది తిండిలో, నిద్రలో. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా మొదటి రోజే దంచి కొట్టరు. ముందు మెల్లగ, మాట్లాడుకుంట తొక్కేంత వేగం. తర్వాత దూరం పెంచుతరు. ఆఖరున స్పీడు. రెండు వారాలు ఆపితేనే రక్తంలో నీటి భాగం తగ్గుతది, గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటది. అది మళ్ళీ వస్తది, కానీ టైం ఇవ్వాలె.

ఇప్పుడు మన పిల్లల ఆఫ్ సీజన్ చూడండి. ఏప్రిల్ ఆఖరున హాస్టల్‌కు తాళం పడుతది. ఆ రోజు నుంచే గుడ్డు, పాలు, పప్పు బంద్. ఇంటికి పోతే ఇప్పపువ్వు అయిపోయి తునికాకు మొదలై ఉంటది. తెల్లారకముందే లేచి అడవికి పోవుడు, ఇంటికొచ్చి కట్టలు కట్టుడు, ఎండలో కల్లం కాడికి మోసుడు. మే నెలలో మన ఆదిలాబాద్ దిక్కు ఎండ ఎట్లుంటదో మీకు చెప్పాల్నా? నేను అమ్మానాన్నలను తప్పు పడతలేను. జూన్‌లో విత్తనాలకు ఆ పైసలే ఆధారం. కానీ ఆ నెలన్నరను "సెలవు" అని రాసుకునేటోళ్ళను అడుగుతున్న, ఇందులో రెస్ట్ ఎక్కడుంది?

జూన్‌లో పిల్ల తిరిగొస్తది. మొదటి వారంలోనే ట్రయల్స్. టైమింగ్ పడిపోతే "సెలవుల్లో తిని పండినవా?" అనే ప్రశ్న. తర్వాత లిస్టులో పేరుండదు. పుట్టుకతో వచ్చిన స్టామినా అన్నరు కదా, మరి నెలన్నరలో ఎటు పోయింది? ఆ మాటే నిజమైతే ఈ పిల్ల ఓడిపోవద్దు. ఓడిపోయిందంటే ఆ మాట అబద్ధమన్నట్టే కదా!

కొలంబియా సైక్లిస్ట్ ఈగన్ బెర్నాల్ తెలుసు కదా. మామూలు ఇంటి నుంచి వచ్చి 2019లో టూర్ డి ఫ్రాన్స్, 2021లో జీరో డి ఇటాలియా గెలిచిండు. 2022 జనవరిలో ట్రైనింగ్‌లో ఆగి ఉన్న బస్సును గుద్దుకున్నడు. తొడ ఎముక, మోకాలి చిప్ప, వెన్నుపూసలు విరిగినయి. మళ్ళీ రేసులో దిగింది ఆగస్టులో, డెన్మార్క్‌లో. అన్ని నెలలు డాక్టర్లున్నరు, తిండి ఉంది, ఎదురుచూసిన టీమ్ ఉంది. మనోళ్ళకు రెండు వారాలు ఎదురుచూసేటోళ్ళు లేరు.

అంత దూరం ఎందుకు, బాసర కాడ గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లా. ఆ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పుడు ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. చాలామంది ఇప్పటికీ "గిరిజన బిడ్డ కదా, ఎక్కేసింది" అంటరు. కాదు సార్! భువనగిరి గుట్ట మీద నేర్చుకుంది, డార్జిలింగ్ పోయింది, లడఖ్ చలిలో ఉంది. మెట్టు మెట్టుగా ఒంటిని అలవాటు చేసినంకనే ఎవరెస్ట్ దాకా పోయింది. ఆ శ్రమను పుట్టుక ఖాతాలో రాస్తే ఆమెను అవమానించినట్టే.

ఇక అసలు భయం. మన గూడేల్లో సికిల్ సెల్ ఉంది. ఎస్టీల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి ఆ జబ్బు ఉంటదని కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెప్తున్నయి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చి, పైకి ఏమీ కనపడనోళ్ళు ఇంకా ఎక్కువ. వాళ్ళు మామూలుగనే బతుకుతరు, ఆడతరు. కానీ ఎండ, దాహం ఉన్నప్పుడు అలవాటు తప్పిన ఒంటిని ఒక్కసారిగా దంచితే ప్రాణం మీదికి రావొచ్చు. అమెరికాలో 2006లో డేల్ లాయిడ్ అనే 19 ఏళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు ప్రాక్టీసులో వరుసగా పరుగులు తీసి కుప్పకూలిండు, మరుసటి రోజు చనిపోయిండు. ఆయనది ఇదే పరిస్థితి. ఆ తర్వాత అక్కడి కాలేజీ ఆటల సంస్థ 2010లో పై స్థాయి ఆటగాళ్ళకు సికిల్ సెల్ టెస్టును నిబంధన చేసింది. అది టీమ్ నుంచి తీసెయ్యడానికి కాదు. మెల్లగ మొదలుపెట్టించడానికి, మధ్యల నీళ్ళు, రెస్ట్ ఇవ్వడానికి.

మన దేశంలో 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి టెస్టులు చేస్తమన్నరు. మరి ట్రయల్స్‌లో నిలబెట్టేముందు కార్డు చూసే కోచ్‌లు ఎంతమంది? రక్తహీనత సంగతి సరేసరి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో తెలంగాణలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. రక్తం తక్కువున్న చెల్లె సైకిల్ మీద వెనకబడితే అది బద్ధకమా?

"కార్డు చూపిస్తే పేరు కొట్టేస్తరు" అని కొందరు భయపడతరు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే టెస్టుతో పాటు "ఈ కారణంతో ఎవరినీ తీసెయ్యొద్దు" అని కూడా రాతపూర్వకంగా అడగాలె. "కోచ్‌లు ఏం చేస్తరు, పై నుంచి మెడల్స్ అడుగుతరు" అని ఇంకొందరంటరు. నిజమే, అందుకే మన అర్జీ కోచ్ మీద కాదు, పైనోళ్ళకు.

అడగాల్సినవి నాలుగే:

1. స్పోర్ట్స్ పిల్లలకు వేసవి సెలవుల్లో కూడా డైట్ పైసలు గానీ, సరుకులు గానీ ఇయ్యాలె. ఉట్నూరులో మన అక్కలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు అందులో పెట్టండి, వాళ్ళకూ పని దొరుకుతది.
2. జూన్‌లో ట్రైనింగ్ మొదలుకాకముందే హిమోగ్లోబిన్, సికిల్ సెల్ టెస్టులు.
3. తిరిగొచ్చిన మొదటి మూడు వారాలు ట్రయల్స్ వద్దు. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికే పది, పద్నాలుగు రోజులు పడుతది.
4. ఎండాకాలం ప్రాక్టీస్ పొద్దున, సాయంత్రమే. నీళ్ళు తాగనియ్యాలె.

బాసర ట్రిపుల్ ఐటీలో చదివే మనోళ్ళకు ఒక పని. ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ గూడెంలో ఆట ఆడే ప్రతి పిల్లతో, పిలగానితో మాట్లాడండి. ఏం తిన్నరు, ఎన్ని రోజులు తునికాకుకు పోయిండ్రు, కార్డు ఉందా లేదా, వాళ్ళను అడిగే రాసుకోండి. పేర్లు గ్రూపులో పెట్టొద్దు, లెక్క చాలు. ఆ లెక్క పట్టుకొని సోమవారం ప్రజావాణికి పోదాం, ఉట్నూరు ఐటీడీఏకు కూడా ఇద్దాం. అర్జీ రాసే బాధ్యత నాది. లెక్క తెచ్చే బాధ్యత మీది.

ఎవరు ఏ మండలం చూస్తరో కింద రాయండి.