బొమ్మ వేసినవారి పేరేదీ?

తల్లిదండ్రులకు, పంతుళ్లకు, పిల్లల పుస్తకాలు అచ్చువేసేవారికి విన్నపం

మొన్న మా మనవరాలికి తెలుగులో వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ ఒకటి కొన్నాను. కథ సగానికి సగం కత్తిరించారు, పోనీలెండి. బొమ్మలు మాత్రం టీవీ కార్టూన్లలోంచి ఊడబెరికి అతికించినట్టున్నాయి. ఎవరు వేశారా అని లోపలి పేజీ తిరగేస్తే ప్రెస్సు ఫోన్ నంబరు ఉంది, చిత్రకారుడి పేరు లేదు.

అసలు ఇంగ్లీషు ఆలిస్ పుస్తకాలు రెంటికీ బొమ్మలు వేసినవాడు జాన్ టెనియల్. లండన్ ‘పంచ్’ పత్రికకు రాజకీయ కార్టూన్లు గీయడం ఆయన కొలువు. మన బాపులాగే కార్టూన్ గీసిన చేత్తోనే కథలకూ గీశాడు. ఆ చెయ్యి ఊరుకుంటుందా? 1871 చివర్లో వచ్చిన రెండో ఆలిస్ పుస్తకంలో రైలుపెట్టె బొమ్మ చూడండి. కిటికీలోంచి గార్డు బైనాక్యులర్స్ పెట్టి ఆలిస్‌ను పరికిస్తుంటాడు. ఎదురుగా ఒక మేక. దాని పక్కన కాగితం బట్టలు కట్టుకుని, కాగితం టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. కథలో ఆయనకు పేరు లేదు. ‘పంచ్’ పాఠకులకు మాత్రం ఆ ముఖం పాతదే. అచ్చం డిజ్రేలీ, అప్పటి ప్రతిపక్ష నాయకుడు. పోలిక కాకతాళీయం అనేవాళ్లున్నారు, నాకు నమ్మబుద్ధి కాదు.

ఇంగ్లండు గొడవ మనకెందుకంటారా? 1876లో విక్టోరియాను భారత సామ్రాజ్ఞిని చేసిన ప్రధాని ఈ డిజ్రేలీయే. అప్పుడు టెనియల్ ఆయన్ని అల్లాఉద్దీన్ కథలో దీపాల మాయగాడిలా, పాత కిరీటానికి కొత్తది ఇస్తానంటూ వచ్చినట్టు గీశాడు. అంతమాత్రాన టెనియల్ మనవాడని మురిసిపోకండి. 1857లో తిరగబడ్డ సిపాయిలను బెంగాల్ పులిగా, దానిమీదికి దూకే బ్రిటన్‌ను సింహంగా గీసిందీ ఆయనే.

బొమ్మల గొడవ ఇంగ్లండుతో ఆగలేదు. అమెరికాలో గార్త్ విలియమ్స్ అనే చిత్రకారుడు 1958లో ఒక పిల్లల బొమ్మల పుస్తకంలో తెల్లకుందేలుకీ నల్లకుందేలుకీ పెళ్లి చేశాడు. అది కుందేళ్ల కథే, మనుషుల రంగుల గొడవ కాదన్నాడు. అయినా మరుసటి ఏడు అలబామాలో ఒక రాష్ట్ర సెనేటర్ ఆ పుస్తకాన్ని తగలబెట్టమన్నాడు. రాష్ట్ర గ్రంథాలయాధికారి ఎమిలీ రీడ్ దాన్ని అడిగినవాళ్లకే ఇచ్చే అరలోకి మార్చింది గానీ పారేయలేదు. చూశారా, తగలబెట్టాలనుకునేవాళ్లు బొమ్మను ఎంత శ్రద్ధగా చదువుతారో! మన పిల్లలకు ఆ చదువు ఏ తరగతిలోనూ లేదు.

ప్రచురణకర్తలూ, టెనియల్ 1914లో పోయాడు. మన చట్టంలో కాపీరైటు చిత్రకారుడు పోయాక 60 ఏళ్లే. పైసా కట్టక్కర్లేదు, అసలు బొమ్మలే వేయండి, వెనకున్న సంగతి కింద నాలుగు ముక్కలు రాయండి. కొత్తగా గీయిస్తే రచయిత పేరు పక్కనే అట్టమీద చిత్రకారుడి పేరూ వేయండి.

పంతుళ్లూ, లైబ్రరీ పీరియడ్‌లో 10 నిమిషాలు అక్షరాలు కప్పేసి బొమ్మ ఒక్కటే చూపించండి. ఎవరు కుర్చీలో ఉన్నారు, ఎవరు నిలబడ్డారు, వంట ఎవరిది, చెప్పుల్లేనిది ఎవరికి అని అడగండి. జవాబు ముందే చెప్పేయకండి.

కథ మజా పోతుందని భయపడేవారికి ఒక్క మాట. టెనియల్ బొమ్మ వెతికి తెచ్చి చూపిస్తే మా పిల్ల డిజ్రేలీ సంగతి అడగలేదు. “తాతా, వానొస్తే ఈయన బట్టలేం కావాలి?” అంది. నేను తెల్లముఖం వేశాను.

ఈసారి పుస్తకాల ప్రదర్శనకు వెళ్లినప్పుడు ధర చూసేముందు లోపలి పేజీ తిప్పండి. బొమ్మలు వేసినవారి పేరు లేకపోతే, స్టాలులో కూర్చున్నాయన్ని అడగండి.