తీపి పానీయములపై పన్ను

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి మన దేశమున తీపి సోడా పానీయములపై వస్తుసేవల పన్ను నూటికి 40 వంతున అమలులోనికి వచ్చినది. అంతకుమున్ను 28 పాళ్ల పన్నును, 12 పాళ్ల సెస్సును కలిసి అంతే యగుచుండెను గాన కొనువానికి భారము మారలేదు. మధుమేహము గ్రామములకు సైతము ప్రాకిన యీ దినములలో ఇట్టి పన్నును మేము నిరసింపము. మా యాక్షేపణ దానిని విధించిన తీరును గూర్చియే.

ఒకే మామిడిరసమున ఒకే కొలత చక్కెర కలిపి రెండు సీసాలు నింపిరనుకొందము. గ్యాసు లేనిదానిపై పన్ను 12 నుండి 5 పాళ్లకు దిగినది. గ్యాసు ఎక్కించినదానిపై 40. చక్కెర బొత్తిగా లేక కృత్రిమ మాధుర్యద్రవ్యము కలిపిన సోడాకును 40 పాళ్లే. దేహమునకు కీడు చేయునది చక్కెరయా, బుడగయా? చిత్తూరు సీమలో తోతాపురి పండించు రైతులు గుజ్జు కర్మాగారములపై నాధారపడి యున్నారు; వారికి ఆదరవు కావలసినదే. కాని వారికి వలసినది పండు అమ్ముడగుట గాని సీసాలో చక్కెర హెచ్చుట గాదు.

బ్రిటనువారు 2016లో పన్ను ప్రకటించి, రెండేండ్ల గడువిచ్చి, 2018 ఏప్రిలు 6న అమలు జరిపిరి. నూరు మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు లోబడిన పన్ను లేదు. 5 మొదలు 8 లోపు లీటరుకు 18 పెన్నీలు. 8 గాని అంతకుమించి గాని యున్న 24 పెన్నీలు అని నాడు నిర్ణయించిరి. పన్ను చెల్లించుటకంటె చక్కెర తగ్గించుటయే లాభమని ఉత్పత్తిదారులు గ్రహించిరి. 2015, 2019 సంవత్సరముల నడుమ ఆ పానీయములలోని చక్కెర నూటికి 40 పాళ్లకు పైగా తగ్గెను. అమ్మకములు కుంటుపడలేదు; సీసాలోని సరకే మారెను.

మన పన్నులో అట్టి ప్రేరణ యేది? చక్కెర సగము తగ్గించినను 40 పాళ్లు 40గానే యుండును. వర్తకుడు ఏల తగ్గించును? బొక్కసము నిండును, పేదవాని జేబు తరుగును, సీసాలోని చక్కెర మాత్రము చెక్కుచెదరదు.

కావున వస్తుసేవల పన్ను మండలివారు గ్యాసును విడిచి చక్కెరను కొలిచి, అంతస్తులవారీగా పన్ను నిర్ణయించి, చిన్న ఉత్పత్తిదారులకు సైతము చాలినంత గడువొసంగి, ఈ లోపమును సవరింతురని ఆశించుచున్నాము.