వెలుగు చేయు పని

కాంతి యనగా వస్తువులను మనకు చూపునది. మన పాఠశాలలలో ఇంతకు మించి బోధ జరుగుట అరుదు. అద్దములు, కటకములు, ప్రతిబింబముల కొలతలు, వీనితో పదవ తరగతి ముగియును. ఇంటర్మీడియెట్‌లో కాంతివిద్యుత్ ఫలితము వచ్చును గాని, అదియు ఒక లోహపు పలకతోను, ఒక సమీకరణముతోను సరి. వెలుగు చూపునది మాత్రమే కాదు, పని చేయునది యను సత్యము విద్యార్థి మనస్సునకు పట్టుటలేదు. ఈ పాఠమునకు ఆకాశమును మించిన ప్రయోగశాల లేదని నా విశ్వాసము.

నక్షత్రముల నడుమ నున్నది వట్టి శూన్యము కాదు. అచ్చట మిక్కిలి పలుచని వాయువు కలదు; అందు అధికభాగము హైడ్రోజన్. దానితో కలిసి, తూకమున నూటికి ఒక పాలు మాత్రముగా, సన్నని ధూళి కలదు. ఇవి చిక్కనైన చోట్ల మేఘములై నిలుచును. నక్షత్రకాంతి ఆ మేఘములపై పడి యేమి చేయుచున్నది?

మొదటి పని చెదరుట. పిల్లలకోడి యని పల్లెలలో పిలుచు కృత్తికల చుట్టు ఛాయాచిత్రములలో నీలి మబ్బు కానవచ్చును. 1912లో స్లైఫర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దాని వర్ణపటమును పరిశీలించి, అది ఆ నక్షత్రముల వర్ణపటమునే పోలియున్నదని కనుగొనెను. ఆ మబ్బునకు స్వయంప్రకాశము లేదు. నక్షత్రకాంతిని ధూళి చెదరగొట్టగా కలిగిన వెలుగే అది.

రెండవ పని విడదీయుట. ఓరియన్ రాశిలో వరుసగా నున్న మూడు చుక్కలకు దక్షిణమున, సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరమున, ఒక గొప్ప నీహారిక కలదు. దాని నడుమ నున్న ప్రధాన నక్షత్రపు ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 40,000 డిగ్రీలు. దాని అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ పరమాణువునుండి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టును. ఆ ఎలక్ట్రాన్ తిరిగి కలియునపుడు ఎర్రని కాంతి వెలువడును. ఇందుకు 91 నానోమీటర్లకంటె పొడవైన తరంగము చాలదు. అదే రాశిలోని ఆర్ద్ర మహాకాయమైన ఎర్రని నక్షత్రమే. కాని దాని ఉష్ణోగ్రత సుమారు 3,500 డిగ్రీలే యగుటచే, అట్టి నక్షత్రమెంత పెద్దదైనను నీహారికను ఇట్లు వెలిగింపజాలదు. ఆరుద్ర కార్తె నెరిగిన మన బాలునకు, కాంతి పరిమాణము వేరు, దాని శక్తి వేరు అని చెప్పుటకు ఇంతకంటె సులభమైన దృష్టాంతము కావలెనా?

మూడవ పని వేడిచేయుట. హైడ్రోజన్‌ను విడదీయజాలని కొంత అతినీలలోహిత కాంతి మేఘములోనికి ఇంకను చొచ్చి, ధూళి కణములనుండి ఎలక్ట్రాన్లను వెడలగొట్టును. అవి వాయువును వేడిచేయును. 1905లో ఐన్‌స్టీన్ వివరించిన కాంతివిద్యుత్ ఫలితమే ఇది. లోహపు పలకకు బదులు ఇచ్చట ధూళి కణము!

మేఘగర్భమున మాత్రము ధూళియే గొడుగు పట్టును. వెలుగు చొరని ఆ చోట ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 263 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగును. ఆ చల్లని నీడలోనే వాయువు తన బరువుచే తాను కుంగి, క్రొత్త నక్షత్రములు పుట్టును. పుట్టిన వానిలో పెద్దవి తమను కన్న మేఘమునే తమ వెలుగుచే కరగించివేయును. అయినను ఆ వెలుగును వట్టి విధ్వంసకారి యనరాదు. 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని, ఓరియన్ నీహారికలో ఒక పసి నక్షత్రము చుట్టునున్న ధూళిచక్రమున మిథైల్ కేటయాన్ అను కర్బన అయానును గుర్తించెను. అది ఏర్పడుటకు వలసిన శక్తిని అతినీలలోహిత కాంతియే ఇచ్చుచుండవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. విరుచునదే కూర్చుచున్నది.

పరీక్షలో రాని ఈ సంగతులు పిల్లల కేల యని కొందరు ఉపాధ్యాయులు అడుగవచ్చును. పాఠ్యప్రణాళిక బరువు నిజమే. కాని నేను కోరునది క్రొత్త పాఠము కాదు. ఉన్న పాఠమునకు క్రొత్త ఉదాహరణము. సమీకరణము అదే, లెక్క అదే. లోహపు పలకను మాత్రమే ఎరిగిన విద్యార్థి దానిని పరీక్షవరకు జ్ఞాపకముంచుకొనును. నక్షత్రముల పుట్టుకలో దానిని చూచినవాడు జీవితాంతము మరువడు.

మార్గశిర మాసపు రాత్రి ఒక్క గంట విద్యార్థులను ఆరుబయటికి తీసికొనిపోయి, కృత్తికలను, ఆర్ద్రను, ఆ మూడు చుక్కలను చూపుడు. ఇందుకు ఖర్చు లేదు, పరికరము అక్కరలేదు. ఉపాధ్యాయుని ఉత్సాహమొక్కటి చాలును.