ఆ పదివేలు కరోనా సాయం కాదు

సంపాదకులకు,

కరోనా నాటి వేతన సాయంపై మీ వ్యాసం రాష్ట్ర ప్రభుత్వ మత్స్యకార భరోసా పథకాన్ని కూడా ఆ లెక్కలోనే వేసింది. ఒప్పుకోలేను. 2020 మే 6న జమ అయిన 10,000 రూపాయలు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చిన భృతి. కరోనా లేకున్నా వచ్చేదే. 2019లోనే 4,000 నుంచి పెంచారు. లాక్‌డౌన్‌తో మార్చి ఆఖరులోనే మా తీరంలోని మైపాడు, ఇస్కపల్లి పడవలు ఒడ్డునే ఆగిన రోజులకు అందులో లెక్కే లేదు.

అర్హత సంగతి మరీ బాధాకరం. రిజిస్టరైన పడవలో పని, 18 నుంచి 60 ఏళ్ల వయసు ఉండాలి. చేపలు ఎండబెట్టి గంపనెత్తి అమ్మే ఆడవాళ్లు, అరవై దాటినా వల లాగే తాతలు జాబితాకెక్కలేదు. ముందు వీళ్ల పేరు ఎక్కాలి. మరో విపత్తు రాకముందే పడవ నంబరును కాక పనిచేసే మనిషిని చూసి జాబితా రాయాలని మత్స్యశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట